ఎర్రకుచ్చు నక్క వడ్డించిన రోజు

భూమికి అటు పక్కన ఆండీస్ అనే కొండలున్నాయి. ఎక్కుతుంటే ఊపిరి చాలదు, ఎక్కాక చూడ్డానికి కళ్ళు చాలవు. దూరపు కొండలు నునుపంటారు గానీ, ఇవి దగ్గరికెళ్తే ఇంకా ముద్దొస్తాయి. అడుగు నుంచి నెత్తిదాకా మెట్లు మెట్లుగా మడులు, ప్రతి మడికీ ఒక రాతిగోడ. పగలంతా ఎండ తాగిన ఆ రాయి, చలి పడ్డాక మెల్లగా వెచ్చదనం వదులుతూ మొక్కను కాపాడుతుంది. ఇంత పని ఎవరు చేశారయ్యా అని అడిగితే అక్కడివాళ్ళు చెప్పే మాట ఒక్కటే: "వంతులు వేసుకుని చేశాం."

ఆ కొండల్లో ఒకప్పుడు ఇంకాలనే మనుషుల రాజ్యం ఉండేది. ఊళ్ళో అంగడి లేదు, చేతిలో నాణెం లేదు. పని పంచుకునేవాళ్ళు, పంట పంచుకునేవాళ్ళు. ఆ పద్ధతి జంతువులు మనుషుల దగ్గర నేర్చాయో, మనుషులే జంతువుల దగ్గర నేర్చారో తేల్చడం నా తరం కాదు. నాకు తెలిసింది జంతువుల సంగతి, అదే చెప్తాను. నక్క దుంపలు తింటుందా అని మధ్యలో ఎవరూ అడగొద్దు. నక్క మాట్లాడుతుందంటే ఒప్పుకున్నవాళ్ళకి దుంప దగ్గర పేచీ దేనికి?

ఆ నక్క పేరు అతోకు. సముద్రపు ఒడ్డున చేపలు ఎండేసే రేవులో రెండేళ్ళు మాయమాటలతో బతికాడు. మూడో ఏడు రేవులో కుక్కలన్నీ ఒక్క మాట మీదికొచ్చాయి. సగం తోక అక్కడ వదిలేసి, మిగిలిన సగంతో కొండెక్కాడు. నాలుగు రోజులు నడిచాక కడుపు వెన్నుకంటుకుపోతుంటే, ఒక వాలు మీద చిన్న గుడిసె కనిపించింది. అది కుసీ అనే గినీపందిది. పేరులో పంది ఉన్నా, అది కుందేలు పిల్లంత జీవి.

గుడిసె ముందు మడిలో ఒక్క ఆకు నిలువుగా లేదు. కుసీ మాత్రం ప్రయాణానికి నడుముకు గుడ్డ బిగించి కట్టుకుంటోంది.

"ఏమిటి చెల్లెమ్మా, ఏనుగులు తొక్కినట్టుందే మడి?" అన్నాడు అతోకు.

"ఏనుగులంటే ఏమిటో నాకు తెలీదన్నా. మొన్న వడగళ్ళు పడ్డాయి. మా ఊరు ఊరంతా ఇంతే. దుంపలింకా గోళీలంత కూడా ఊరలేదు."

"అయ్యయ్యో. మీ ఆయనేడీ?"

"మా కొండ దొరతో పాటు వంతెన పనికెళ్ళాడు, ఈసారి వంతు ఆయనది. ఇంట్లో ఏడుగురు పిల్లలు. పొద్దున బుట్ట అడుగున ఉన్నవి ఉడకేసి పెట్టి పక్కింటి వదినకి అప్పజెప్పాను. దారికని అయిదు దుంపలు కాల్చుకున్నా. నువ్వూ ఆకలి మీదున్నట్టున్నావు, కూర్చో."

అతోకు కూర్చున్నాడు. కూర్చోవడమే తరువాయి, నాలుగు దుంపలు మాయం. నములుతూనే గుడిసె అంతా ఓసారి చూశాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం వాడికి పుట్టుకతో వచ్చిన విద్య. లెక్కపెట్టడానికి రెండు వాసాల కన్నా ఎక్కువ లేవు పాపం. కుసీ అయిదో దుంపని కొంగున ముడేసుకుంది.

"మరి ఏడుపు రావట్లేదా నీకు?" అని అడిగాడు.

"వస్తోంది. పిల్లలు చూస్తారని మింగుతున్నా. పైన రుమీ అవ్వ దగ్గర గాదెలున్నాయి. అక్కడికి వెళ్ళి చెప్పాలి. లామాలు మూటలు తెస్తాయి. అయిదు రోజుల్లోపల రాకపోతే మాత్రం చిన్నది తట్టుకోదు. అది పుట్టి వారమే అయింది."

గాదెలు అన్న మాట చెవిన పడగానే అతోకుకి తిన్న నాలుగు దుంపలూ అరిగిపోయాయి. "ఒంటరిగా ఎలా వెళ్తావు చెల్లీ, నేను తోడొస్తాను పద" అన్నాడు. ఊరక రారు మహానుభావులు.

దారంతా వాడు అడుగుతూనే ఉన్నాడు. కుసీ ఆయాసపడుతూనే చెప్పింది.

"ఈ మడి నీదేనా?"

"ఈ ఏడు నాది. ఏటేటా మళ్ళీ పంచుతారు. ఇంట్లో బిడ్డ పుడితే ఆ ఇంటికి మడి పెరుగుతుంది."

"పెరిగింది అమ్ముకోవచ్చన్నమాట!"

"అమ్మడమంటే ఏమిటన్నా?"

అతోకు నవ్వాడు. ఇంత అమాయకులు దొరికే చోటు ఉందని తెలిస్తే రేవులో రెండేళ్ళు వృథా చేసేవాణ్ణి కాదనుకున్నాడు. "సరే, దున్నడం ఎలా? మీ ఆయన లేడుగా?"

"ఊరంతా వచ్చి దున్నారు. ముందు సూర్యదేవుడి మడి దున్నుతాం. తర్వాత దిక్కులేనివాళ్ళదీ, జబ్బుపడ్డవాళ్ళదీ, పనికని దూరమెళ్ళినవాళ్ళదీ. ఆ తర్వాత ఎవరిది వాళ్ళం. అన్నిటికన్నా చివర దొర మడి."

"దొరది చివరా! మా రేవులో దొర పని ముందు చేయకపోతే తోలు ఒలిచేవారు."

"దొర మడి పంట గాదెల్లోకి పోతుంది. గాదెల్లోది ఇదిగో, ఇలాంటప్పుడు మా దగ్గరికి వస్తుంది. ఇంక దొర ముందైతే ఏమిటి, చివరైతే ఏమిటి?"

కొండ మలుపు తిరిగారు. అతోకు కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి.

ఎదురుగా గాలి ఈలలు వేసే వాలు మీద రాతి గాదెలు. గుండ్రటివి ఒక వరస, పలకలవి ఒక వరస, వాటి పైన మరో వరస, దాని పైన మరొకటి. మబ్బు కిందికి దిగి పై వరసల్ని దాచేసింది. మబ్బు జరిగితే మళ్ళీ గాదెలే. అయిదు వందలకు తక్కువ ఉండవు. ప్రతిదానికీ గడ్డి కప్పు, కింద చల్లగాలి ఆడటానికి రాతి సందు. ఒకదాంట్లో మొక్కజొన్న. ఒకదాంట్లో మంచుకు గడ్డకట్టించి, కాళ్ళతో తొక్కి నీళ్ళు పిండి, ఎండలో ఎండబెట్టిన నల్లటి దుంపలు. గులకరాళ్ళలా ఉంటాయి, ఏళ్ళ తరబడి చెడవు. ఒకదాంట్లో ఉన్ని దుప్పట్లు, ఒకదాంట్లో కింది అడవుల మిరపకాయలు, ఇంకోదాంట్లో అతోకు సొంత రేవు నుంచి వచ్చిన ఎండు చేపలు! ఆ వాసనకి వాడి ముక్కు దానంతట అదే పైకి లేచింది. జన్మలో మొదటిసారి లెక్కపెట్టడం మరిచిపోయాడు. నిజం చెప్పాలంటే, ఈ కథ మొదటిసారి విన్నప్పుడు ఇక్కడికొచ్చేసరికి లెక్క నేనూ మరిచిపోయాను.

ఒక్క గాదెకూ తాళం లేదు. గుమ్మానికి అడ్డంగా ఒక కర్ర పెట్టి ఉంది, అంతే.

"ఈ కర్రేమిటి?" అన్నాడు అతోకు.

"లోపల ఎవరూ లేరని గుర్తు నాయనా" అంది పక్క బండ మీంచి ఒక గొంతు.

రుమీ అవ్వ అది. కొండకుందేలు. కుందేలు చెవులు, ఉడుత తోక, ఎప్పుడూ నిద్రపోతున్నట్టు సగం మూసిన కళ్ళు. ఆ కళ్ళు చూసి మోసపోయినవాళ్ళు ఆ కొండల్లో చాలామందే ఉన్నారు. ఒళ్ళో రంగురంగుల దారాల గుత్తి, దాన్నిండా ముడులు. ఏ ఊరికి ఏం కావాలో, ఎవరి వంతు ఎప్పుడో ఆ ముడులు తడిమి చెప్పేస్తుంది.

"కర్ర ఉంటే ఎవరూ లోపలికి పోరా?"

"ఎందుకు పోతారు? లోపల ఎవరూ లేరుగా."

కుసీ తన ఊరి సంగతి చెప్పింది. అవ్వ వింటూ విడి దారం ఒకటి తీసి ముడులు వేసింది.

"మూటలు కట్టించగలను తల్లీ. మోయడానికి వైరా, వాడి లామాలు సిద్ధం. రేపు పొద్దున వంతుపని వాళ్ళు మూడొందల మంది వస్తున్నారు. చిక్కల్లా ఒక్కటే. పనికొచ్చినవాళ్ళకి ముందుగా దొరే తన చేత్తో కల్లు పోయాలి, తిండి పెట్టాలి. దొర పెట్టందే ఇక్కడ ఒక్క మూటా లేవదు. దొరేమో అవతల వంతెన దగ్గరున్నాడు. ఆయన తరఫున, గుర్తుగా నుదుట ఎర్రకుచ్చు కట్టుకుని ఎలుగుబంటు రావాలి. కాలు విరిగి పడుకున్నాడట, కబురొచ్చింది. ఇంకొకణ్ణి పంపడానికి పది రోజులు పడుతుంది."

"పది రోజులా?" అంది కుసీ. అప్పటిదాకా మింగుతున్న ఏడుపు అప్పుడు బయటికొచ్చింది. "చిన్నది..."

"నువ్వే పోసెయ్యొచ్చుగా అవ్వా!" అన్నాడు అతోకు, ఏమీ ఎరగనట్టు.

"నేను కాపలాదాన్ని నాయనా. కాపలాదాని చేత్తో పోస్తే గాదె కాపలాదానిదైపోతుంది. కుచ్చున్నవాడే పోయాలి."

కుచ్చున్నవాడిదే గాదె! అతోకుకి వినబడింది అంతవరకే. మిగతా మాటలు ఈ చెవిలోంచి దూరి ఆ చెవిలోంచి పోయాయి.

పది బారల దూరంలో వైరా అనే పెద్ద లామా పడుకుని, కళ్ళు మూసుకుని నెమరేస్తున్నాడు. లామా అంటే ఒంటెకు మేనల్లుడి వరస. మూపురం ఉండదు, పొగరు మాత్రం ఉంటుంది. బరువులు మోసే లామాలకు చెవులకి ఎర్ర ఉన్ని కుచ్చులు కుట్టడం అక్కడి మురిపెం. అతోకు పిల్లిలా వెళ్ళాడు, ఎడమ చెవి కుచ్చు పుటుక్కున కొరికాడు, బండ చాటుకెళ్ళి నుదుటికి కట్టుకున్నాడు. మరు నిమిషంలో, పేనుకు పెత్తనమిచ్చినట్టు, గాదెల ముందు ఛాతీ విరిచి నిలబడ్డాడు.

"రుమీ! ఇందాక మిమ్మల్ని పరీక్షించడానికి మారువేషంలో వచ్చాను. నేను దొర మేనల్లుణ్ణి. ఈ కొండ, ఈ గాదెలు మామయ్య నాకిచ్చాడు. ఇవాళ్టి నుంచి ఇదంతా నాది. నన్నడక్కుండా ఏ ఊరికీ గింజ కదలడానికి వీల్లేదు!"

అవ్వ సగం కళ్ళతో వాడి నుదుటికేసి చూసింది. వైరా బోసి చెవికేసి చూసింది. కుసీ ఏడుపు మొహంకేసి చూసింది. తర్వాత బండ దిగి వంగి దండం పెట్టింది.

"సమయానికొచ్చారు దొరా. మీ కోసమే ఎదురుచూస్తున్నాం."

"ఇవన్నీ మూటలు కట్టించు. రేపే దించాలి."

"అలాగే దొరా. మూటలెత్తడానికి చేతులు కావాలి, చేతులు రావాలంటే ముందు మీరు పొయ్యాలి. ఆచారం కదా."

అతోకు మనసులో లెక్కేసుకున్నాడు. ఒక్క పూట కల్లు పోస్తే అయిదొందల గాదెలు. కొండను తవ్వి ఎలుకను పట్టేవాళ్ళుంటారు గానీ, ఎలుకను చూపించి కొండ కొట్టేసేవాణ్ణి నేనే! "సరే, కానీ" అన్నాడు.

తెల్లవారింది. గాదెల కింది మైదానంలో మూడు వందల మంది బారులు తీరి కూర్చున్నారు. జింకలు, ఉడుతలు, బాతులు, గినీపందులు, వెనక లామాల వరస. పెద్ద పెద్ద కుండల్లో మొక్కజొన్న కల్లు నురగలు కక్కుతోంది. అతోకు దర్జాగా నడిచొచ్చి పీట కోసం చూశాడు.

"పీటేదీ?"

"దొరకి పీటుండదు దొరా, కుండుంటుంది" అని అవ్వ వాడి చేతుల్లో కుండ పెట్టింది. "రెండు చేతులా పొయ్యాలి. ఒక్కొక్కరి కళ్ళలోకీ చూసి పొయ్యాలి."

పోశాడు. ఒక వరస అయ్యేసరికి నడుం పట్టేసింది. రెండో వరసకి కుండని మోకాలికి ఆనించుకున్నాడు. కల్లు అయ్యాక ఉడికిన దుంపలు, దుంపలయ్యాక మొక్కజొన్న. వాసనకి వాడి పేగులు అరుస్తున్నాయి. ఒక దుంప నోటి దగ్గరికి తీసుకెళ్ళాడో లేదో, అవ్వ దగ్గింది.

"దొర ఆఖర్న తింటాడు దొరా. అదీ ఆచారమే."

"ఇన్ని ఆచారాలేమిటే ముసల్దానా?"

"ఇంకొక్కటే ఉంది దొరా. మొదటి బెడ్డ కూడా మీరే తవ్వాలి."

కాలితో తొక్కి తవ్వే గునపం తెచ్చిచ్చారు. దొర మడిలో మొదటి చాలు అతోకే తవ్వాడు. వాడు తొక్కుతుంటే మూడొందల మంది పాట ఎత్తుకున్నారు. అంతమంది ఒక్క గొంతై, వాడు కాలు వేసినప్పుడల్లా పాటతో ఊతమిస్తుంటే వాడి ఒళ్ళు జలదరించింది. అది భయం కాదు. ఏమిటో వాడికే తెలియలేదు. మోసగాడికైనా ఒళ్ళు ఒళ్ళే కదా.

ఆ తర్వాత మిగిలిపోయిన ఆఖరి వరసకి వడ్డించడానికొస్తే, అందులో కుసీ ఉంది. వాడు తల వంచుకుని దుంపలు పెట్టబోయాడు. నిన్న ఏడుపులో అడగలేకపోయిన మాట ఆమె ఇప్పుడు అడిగేసింది.

"దొరవై ఉండి మా పొయ్యి దగ్గర తిన్నావా అన్నా! మా ఊళ్ళో చెప్తే నమ్మరు." ఆమె కళ్ళనిండా నీళ్ళు. "నాలుగే పెట్టానే. తెలిస్తే అయిదోదీ పెట్టేదాన్ని."

అతోకు గబగబా వెనక్కి తిరిగి, కుండ అవతల పడేసి, గొంతు చించుకుని అరిచాడు. "ఇక చాలు! పోశాను, పెట్టాను, తవ్వాను. లామాలూ, లేవండి! గాదెలు ఖాళీ చెయ్యండి, మూటలెత్తండి!"

వైరా లేచాడు. మెడ నిక్కించి అడిగాడు. "ఏ ఊరికి దొరా?"

"సముద్రపు రేవుకి."

"అక్కడెంతమంది ఆకలితో ఉన్నారు?"

"ఎంతమందేమిటి? నా ఇంటికి. నేనొక్కణ్ణే."

పాట ఆగిపోయింది. వాళ్ళకి కోపం రాలేదు, అదే విచిత్రం. అర్థం కాలేదంతే. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఒక్కడు ఇదంతా ఎలా తింటాడు?" అంది ఒక బాతు, నిజంగానే తెలుసుకోవాలని.

"కూర్చుని తింటాను!"

"కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి నాయనా" అంది అవ్వ. దొరా అన్న పిలుపు అప్పుడే పోయింది.

వైరా ముందు కాళ్ళు మడిచాడు, వెనక కాళ్ళు మడిచాడు, కూర్చున్నాడు. లామా ఒకసారి వద్దని కూర్చుంటే ఆకాశం దిగొచ్చినా లేవదు. వాడి వెనక అన్ని లామాలూ వరసగా కూర్చున్నాయి. వైరా మెడ చాచి, గురిచూసి, నెమరేసిన గడ్డంతా అతోకు మొహాన తుపుక్కున ఉమ్మేశాడు. కుచ్చు జారి కిందపడింది.

"అది నా ఎడమ చెవిదవ్వా" అన్నాడు వైరా.

"తెలుసురా. నిన్నే చూశాను."

మొహం తుడుచుకుంటూ అతోకు నోరెళ్ళబెట్టాడు. "తెలుసా? తెలిసి దండం పెట్టావా? మరి నిన్ననే నన్ను తరమలేదేం?"

"తరిమితే ఈ పొద్దున ఎవరు పోసేవారు నాయనా?" అవ్వ కళ్ళు మొదటిసారి పూర్తిగా తెరుచుకున్నాయి. "ఎలుగుబంటు పడుకున్నాడు, దొర దూరాన ఉన్నాడు, ఆ బిడ్డ దగ్గర అయిదు రోజులే ఉన్నాయి. కుచ్చు కట్టినవాడు ముందు పెట్టాలన్నది ఆచారం. కుచ్చు ఏ చెవిదో ఆచారం అడగలేదు. నువ్వు కట్టావు, నడుం విరిగేలా పెట్టావు. తిన్నవాళ్ళు తిన్నారు. దొరకి ఏం చెప్పాలో నేను చెప్పుకుంటాను. ఇక మూటలు లేవొచ్చు." ఆమె వైరా వైపు తిరిగింది. "కుసీ వాళ్ళ ఊరికి. నలభై ఇళ్ళు, అందరూ ఆకలి మీదున్నారు."

వైరా ఆ మాట పూర్తికాకముందే లేచాడు.

గాదెల గుమ్మాల దగ్గర కర్రలు పక్కకి జరిగాయి. మూడొందల మంది నిలబడి చేతి నుంచి చేతికి మూటలు అందించారు. ఒక్క మూట నేల తాకలేదు. అరవై లామాలు ఎర్ర కుచ్చులు ఊపుకుంటూ మెట్ల దారిలో కొండ దిగసాగాయి. మొదటి లామా మలుపు తిరిగి మబ్బులోకి వెళ్ళిపోయినా చివరిది ఇంకా గాదె దగ్గరే ఉంది. ఎవరూ అదిలించలేదు, ఎవరూ బేరమాడలేదు. అతోకు నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు. అయిదొందల గాదెల్ని చూసి ఆశ్చర్యపోయాడు నిన్న. ఆ గాదెలకి కాళ్ళొచ్చి ఆకలి దగ్గరికి నడిచి వెళ్ళడం చూశాడు ఇవాళ.

అవ్వ గిన్నె అడుగున గీకి తెచ్చిన మాడు వాడి ముందు పెడుతూ, "నీ భాగం. దొర చివర తింటాడుగా" అంది. "పారిపోతే పో, ఇక్కడ అడ్డం కర్రే గానీ కుక్కల్లేవు. ఉంటే మాత్రం కొత్తగా వచ్చినవాడికీ ఒక మడి ఉంటుంది. రేపు గాదెల కప్పు నేసే వంతు."

ఆఖరి లామా పక్కన నడుస్తున్న కుసీ ఏదో గుర్తొచ్చి వెనక్కి పరిగెత్తుకొచ్చింది. కొంగు ముడి విప్పింది.

"పొద్దుట్నుంచీ అందరికీ పెట్టావు, నువ్వు తినలేదు. ఇది ఉంచు."

అది అయిదో దుంప. అతోకు దాన్ని రెండు చేతులా పుచ్చుకున్నాడు. పెట్టడం ఆ పొద్దునే నేర్చుకున్న చేతులు, పుచ్చుకోవడం కూడా అప్పుడే నేర్చుకున్నాయి. చాలాసేపు తినలేకపోయాడు. తిన్నాక లేచి, కప్పు నేసే గడ్డి ఎక్కడ కోస్తారని అడిగాడు.

గాదె దక్కినవాడు దొర కాదు, గాదె తెరిచి చివర తిన్నవాడే దొర.